పాత పికప్ రిపేరుకు డైలీ ఫైనాన్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 44. పన్నెండేళ్ల పాత పికప్ నడుపుతాను. పల్లెల నుంచి మిర్చి యార్డుకు, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతాను. డీజిల్ పోను సీజన్‌లో నెలకు 30 వేలు, తర్వాత 20 వేలు మిగులుతాయి. ఇంటి ఖర్చు 18 వేలు. కొంతకాలంగా స్టీరింగ్ లూజుగా ఉంది. నాలుగు వేళ్ల మేర తిప్పితే గానీ చక్రం కదలదు. స్టీరింగ్ బాక్సు, జాయింట్లు అన్నీ మార్చాలని మెకానిక్ 26 వేలు చెప్పారు. సీజన్ మొదలవుతోంది. చేతిలో 11 వేలే ఉన్నాయి. ఈ నెలాఖరుకు ఇన్సూరెన్స్ 17 వేలు కట్టాలి. దాన్ని వచ్చే నెలకు జరిపి, డైలీ ఫైనాన్స్‌లో 30 వేలు తీసుకుందామనుకుంటున్నాను. చేతికి 27 వేలు ఇచ్చి, రోజుకు 300 చొప్పున వంద రోజులు కట్టమంటున్నారు. నా భార్యకు రెండు కాసుల గొలుసు ఉంది గానీ తాకట్టు పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. లేక ఆరు లక్షల లోనుతో కాస్త కొత్త బండి తీసుకోవడం మేలా? ఈలోపు విజయవాడ ఆటోనగర్ వెళ్లి పాత బాక్సు దొరుకుతుందేమో చూడాలని ఉంది.

సమాధానం: ఇన్సూరెన్స్ వచ్చే నెలకు జరుపుతానన్నారే, ఆ ఒక్క మాట కోసమే మీ ప్రశ్న తీసుకున్నాను. సొంత బండి మీద బతికేవారిలో చాలామంది ఇదే పని చేస్తారు. రిపేరు కళ్ల ముందు ఉంటుంది, జరగబోయే ప్రమాదం కనిపించదు. దాంతో ప్రీమియం డబ్బు మెకానిక్ దగ్గరికి వెళ్లిపోతుంది. పాలసీ లేని బండి ఎవరికైనా తగిలితే ప్రమాద కేసులు చూసే ట్రైబ్యునల్ వేసే పరిహారం మొత్తం మీ నెత్తిన పడుతుంది. ఇల్లు ఉంటే ఇల్లు, పొలం ఉంటే పొలం జప్తుకు వస్తుంది. పోలీసులు పట్టుకుంటే మొదటిసారి వేసే రెండు వేల జరిమానా దీని ముందు లెక్కలోకే రాదు. ముందు ప్రీమియం కట్టండి. ఇందులో బేరం లేదు.

రెండోది, ఈ స్టీరింగ్‌తో విజయవాడ వెళ్తారా? కాజ టోల్‌గేటు దాటాక ఆ హైవే మీద లారీల మధ్య నాలుగు వేళ్ల లూజుతో బండి నడపడం ఏ లెక్కన చూసినా పొదుపు కాదు. బండి ఉన్నచోటే ఆపి, మరో మెకానిక్‌ను పిలిపించి చూపించండి. ఆయనకు ఇచ్చే వందలు వేలు మిగల్చవచ్చు. బండి నేల మీదే ఉండాలి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు కింద నుంచి ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడాలి. ఎక్కడ ఒక వైపు కదిలి రెండో వైపు కదలడం లేదో అరుగుదల అక్కడ ఉంది. టై రాడ్ ఎండ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి జాయింటు) రబ్బరు చిరిగి గ్రీజు కారిపోయిందా, బాక్సును ఛాసిస్‌కు బిగించే బోల్టులు వదులయ్యాయా అన్నది ముందు తేలాలి. ఇవన్నీ బాగున్నా లూజు పోకపోతే అప్పుడు బాక్సు సంగతి. బాక్సు మీది స్క్రూను గట్టిగా బిగించి పంపేవారు ఉంటారు, ఒప్పుకోకండి. మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది, తిరిగి దానంతట అది నిటారుకు రాదు. చక్రాల అలైన్‌మెంట్ చివర్లో చేయించండి, అరిగిన జాయింట్ల మీద చేయిస్తే ఆ డబ్బు వృథా. పాత సామాను బాక్సు వద్దు. అది ఎంత అరిగి వచ్చిందో అమ్మేవాడికీ తెలియదు.

ఇక డైలీ ఫైనాన్స్. 27 వేలు తీసుకుని 30 వేలు కడతారు, వడ్డీ మూడు వేలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు కాబట్టి ఏడాది లెక్కన అది 78 శాతానికి దగ్గరగా వస్తుంది. నూటికి ఆరు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువ! ఊళ్లో ఎవరైనా ఆరు రూపాయల వడ్డీ అడిగితే మీరే తిట్టి పంపిస్తారు. పైగా బండి ఆగిన రోజున కూడా ఆ 300 కట్టాల్సిందే.

అదే 27 వేలు బ్యాంకులో గొలుసు మీద తీసుకుంటే, రూపాయి వడ్డీ వేసుకున్నా, అసలు వంద రోజుల చివర ఒకేసారి కట్టినా 900 దాటదు. మీ ఆవిడకు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించండి. ఆమె భయం గొలుసు తిరిగి రాదని, దానికి జవాబు ఎప్పటిలోగా విడిపిస్తారో చెప్పే గడువు. చేతిలోని 11 వేలకు గొలుసు మీద 32 వేలు కలిస్తే ప్రీమియం, పూర్తి రిపేరు రెండూ గట్టెక్కుతాయి. బాక్సు బాగుందని తేలి మిగిలితే, ఆ డబ్బు ఇంట్లో ఖర్చు పెట్టకండి.

ఎందుకంటే మీకు అసలు లేనిది అత్యవసర నిధి. పన్నెండేళ్ల బండికి రిపేరు రావడం అనుకోని ఖర్చు ఎలా అవుతుంది? ఈసారి స్టీరింగ్, వచ్చేసారి క్లచ్చో బ్రేకులో. తేదీ ఒక్కటే తెలియదు. ట్రిప్పుకు 150 రూపాయలు, కిరాయి చేతికి రాగానే, ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేయండి. సీజన్‌లో నెలకు నలభై ట్రిప్పులు వేసుకున్నా ఆరు వేలు. నాలుగు నెలలకు 24 వేలు. మిగులులో మిగతా ఆరు వేలు బంగారానికి కట్టండి. సీజన్ అయ్యేసరికి అసలులో ఎనిమిది వేలే మిగులుతాయి, అవి తర్వాత నెలకు రెండు వేల చొప్పున తీరిపోతాయి. వచ్చే ఏడాది ఆ ఆరు వేలు కూడా నిధికే. బండికి 30 వేలు, ఇంటికి మూడు నెలల ఖర్చు 54 వేలు పోగయ్యేదాకా టీవీ, ఫోను వాయిదాల ఊసెత్తవద్దు. ఎండాకాలం యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు ఈ నిధి విలువ తెలుస్తుంది.

కొత్త బండి లోనా? 11 శాతం వడ్డీతో నాలుగేళ్లకు ఆరు లక్షలంటే నెలకు 15,500 వాయిదా. సీజన్ లేనప్పుడు మీకు మిగిలేది రెండు వేలు. తర్వాత ఎప్పుడైనా ఆలోచిద్దాం.

ప్రీమియం కట్టేటప్పుడు యజమాని నడిపే బండికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అందులో ఉందో లేదో అడగండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) బ్యాంకులో తీసుకోండి, అది రెండు లక్షలే అయినా అదనం. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ గడువు ఎప్పుడో ఈ రోజే చూసుకోండి. క్లెయిమ్ వస్తే బీమా కంపెనీ మొదట అడిగేది లైసెన్సు, ఆ ఫిట్‌నెస్ కాగితమే.