దేవూ ఎదుగుదల: చొక్కాల నుంచి ఓడల దాకా

ప్రశ్న: 1990లలో మన రోడ్ల మీద తిరిగిన సియెలో కారును తయారు చేసిన దక్షిణ కొరియా సంస్థ దేవూ మొదట బట్టల ఎగుమతి కంపెనీ అని చదివాను. అలాంటి కంపెనీ పదేళ్లకే ఓడల నిర్మాణం దాకా ఎలా వెళ్లింది? అదంతా ప్రభుత్వం చలవేనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ప్రభుత్వం చలవ ఉన్నమాట నిజమే. అయితే అది ఏ షరతు మీద దక్కిందో చూడకపోతే సగమే తెలిసినట్లు. 1967 మార్చిలో, 30 ఏళ్ల వయసులో, కిమ్ వూ చూంగ్ 50 లక్షల వోన్ల మూలధనంతో దేవూను ప్రారంభించే నాటికి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం తన ఆర్థిక విధానాన్నంతటినీ ఎగుమతుల చుట్టూ అల్లుకుని ఉంది. 1965 సంస్కరణల తరువాత బ్యాంకులు మామూలు అప్పు మీద 26 శాతం వడ్డీ వసూలు చేస్తుంటే, ఎగుమతిదారుకు మాత్రం 6.5 శాతానికే అప్పు పుట్టేది. విదేశీ కొనుగోలుదారు పంపిన లెటర్ ఆఫ్ క్రెడిట్ (సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామని అతని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) చూపితే ఆ అప్పు దాదాపు దానంతటదే మంజూరయ్యేది; ఎగుమతికి వాడే ముడిసరుకు మీద దిగుమతి సుంకమూ ఉండేది కాదు. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేకపోయినా ఆర్డరు తేగల నేర్పు ఉన్న కిమ్ వంటి వారికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు మరొకటి లేదు. ఆయన ట్రికాట్ అనే అల్లిక బట్టతో ఆగ్నేయాసియాలో మొదలుపెట్టి, తరువాత చొక్కాలతో అమెరికా సంతలో కాలుమోపారు.

అసలు మలుపు అక్కడే వచ్చింది. కృత్రిమ నూలు దుస్తుల దిగుమతిని పరిమితం చేసేలా 1971 అక్టోబరులో అమెరికా తూర్పు ఆసియా దేశాలతో ఒప్పందాలు కుదుర్చుకుంది. కోటాలంటూ వస్తే వాటిని అంతకుముందు పంపిన సరుకును బట్టే పంచుతారని కిమ్ ముందుగా ఊహించి, వీలైనంత ఎక్కువ సరుకును అమెరికాకు పంపించి పెట్టుకున్నారు. తీరా పంపకం జరిగినప్పుడు కొరియా కోటాలో పెద్ద వాటా దేవూకే దక్కింది. తోటి వ్యాపారులకు అడ్డుగోడ అయిన నిబంధన ఈ కంపెనీకి మాత్రం పోటీ లేని ఆదాయమై కూర్చుంది. ఇతర సంస్థలను కొనుగోలు చేయడానికి కావలసిన బలం ప్రధానంగా ఈ లాభాల నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

1975లో ప్రభుత్వం జపాన్ నమూనాలో సాధారణ వాణిజ్య సంస్థలను (రకరకాల సరుకులను ఎగుమతి, దిగుమతి చేసే పెద్ద కంపెనీలను) గుర్తించి వాటికి ప్రత్యేక సదుపాయాలు కల్పించినప్పుడు, ఆ తొలి జాబితాలోనే దేవూ ఉంది.

కిమ్ తండ్రి ఒకప్పుడు పార్క్‌కు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు కావడాన్ని చూపి, ఇదంతా ఆ పరిచయ ఫలితమేనని అనేవారున్నారు. పరిచయం తలుపు తెరిచి ఉండవచ్చు గానీ, ఓడకెక్కిన సరుకు లెక్కను అది మార్చలేదు; ఎగుమతి లక్ష్యాలను అధ్యక్షుడే నెలనెలా సమావేశంలో కూర్చుని సమీక్షించే రోజులవి. భారీ పరిశ్రమల దశలో మాత్రం కథ వేరు. 1976లో నష్టాల్లో ఉన్న హాంకుక్ యంత్రాల కర్మాగారాన్ని, 1978లో సగంలో నిలిచిపోయిన ఒక్‌పో ఓడల నిర్మాణ కేంద్రాన్ని దేవూ చేపట్టింది ప్రభుత్వం కోరిక మీదనే. చొక్కాల అప్పు సరుకు ఓడెక్కి డబ్బు రాగానే కొద్ది నెలల్లో తీరిపోయేది. ఒక్‌పో కోసం తెచ్చిన అప్పు ఏళ్ల తరబడి పుస్తకాల్లోనే ఉండిపోయింది.