సముద్రపు ఆల్గే పౌడరు మా చెరువుకి పనికొస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె అండి, నాలుగెకరాల చెరువులో బొచ్చె, శీలావతి వేశాను. మొన్న ఒకాయనొచ్చి సముద్రపు ఆల్గే (నాచు లాంటిది) పౌడరు మేతలో కలిపితే చేప తొందరగా ఎదుగుద్ది అన్నాడు, కిలో రేటు వింటే గుండె ఆగినంత పనైంది. హేచరీలో చేసే మా బావమరిదేమో ఆల్గే లేకపోతే మాకు పనే జరగదు అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీ బావమరిది మాట నిజమేనండి, కాకపోతే అది మీ చెరువు సంగతి కాదు. వెనామీ రొయ్య పిల్ల నాప్లీగా, అంటే గుడ్డులోంచి వచ్చిన తొలి దశలో ఉన్నంతసేపు ఏమీ తినదు, ఒంట్లో ఉన్న సొనతోనే రెండ్రోజులు లాగించేస్తుంది, తర్వాతి దశ జోయియాకి మారిందా ఇక నీళ్లలో తేలే సన్నటి మేత పడాల్సిందే, దానికి కీటోసెరాస్, థలాసియోసిరా లాంటి డయాటమ్‌లే (గాజులాంటి పెంకున్న సన్నటి ఆల్గే) ఇస్తారు. ట్యాంకులో కీటోసెరాస్ చూస్తే పల్చటి టీ నీళ్లలా ఉంటుంది, దాని పెంకు సిలికాది కాబట్టి సిలికేట్ వేయకపోతే ఎదగదు. బీకర్‌తో నీళ్లు తీసి లైటుకి ఎదురుగా పెడితే జోయియా వెనక దారంలా మలం వేలాడాలి, అంటే మేత తింటున్నట్టు, అది కనపడలేదంటే హేచరీలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

పండుగప్ప పిల్లకైతే నానోక్లోరోప్సిస్ అనే ఆల్గే మేపిన రోటిఫర్లు (నీళ్లలో ఉండే అతి చిన్న జీవులు) వేస్తారు, అంటే మేతకే మేత అన్నమాట. ఆ ఆల్గేలో ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది, డీహెచ్ఏ అనే ఇంకో ఒమేగా-3 దాదాపు ఉండదు, అందుకని అది ఉండే ఐసోక్రైసిస్ అనే ఆల్గే కూడా వాడతారు. సముద్రపు చేపలు ఈ కొవ్వుల్ని సరిపడా సొంతంగా తయారు చేసుకోలేవు మరి.

మీ శీలావతి అలా కాదు, మొక్కల కొవ్వు నుంచి కొంతవరకు తనే చేసుకుంటుంది. బొచ్చె ఎలాగూ పైనీళ్లలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నటి జీవులు) వడకట్టుకుని తింటుంది, అది ఎరువుతో మీ చెరువులోనే పుడుతుంది కదా, కొనడం ఎందుకు? చెయ్యి మోచేతి దాకా ముంచి చూడండి, అరచెయ్యి కనపడీ కనపడనట్టు ఉంటే నీళ్ల రంగు బాగున్నట్టే. స్పష్టంగా కనపడుతుంటే పేడ, సూపర్ ఫాస్ఫేట్ కొంచెం పడాలి. మణికట్టు దగ్గరే మాయమైతే మాత్రం ఎరువు ఆపేయండి, లేదంటే తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి.

ఆ పౌడరాయన మళ్లీ వస్తే, మంచినీళ్ల చెరువులో అది వాడిన రైతు పట్టుబడి తూకం చీటీ ఒక్కటి చూపించమనండి.