ఐదో వారం స్కాన్‌లో గుండె చప్పుడు లేదంటే భయపడాలా?

ఐదు వారాలకి స్కాన్ తీస్తే పిండం పెరిగే సంచి ఒక్కటే కనిపించింది, గుండె చప్పుడు లేదన్నారు అని అడిగారు కదా, అప్పుడే టెన్షన్ పడకండి. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి, కాబట్టి మీ లెక్కలో ఐదు వారాలైనా పిండం వయసు సుమారు మూడు వారాలే. ఫలదీకరణ (అండం, వీర్యకణం కలవడం) జరిగేది ఫెలోపియన్ ట్యూబులో, అంటే అండాశయం నుంచి గర్భసంచికి దారితీసే గొట్టంలో. అక్కడి నుంచి ఆ పిండం కణాలుగా విడిపోతూ మెల్లగా జరిగి వచ్చి, వారం పది రోజుల్లో గర్భసంచి గోడకి అతుక్కుంటుంది. గుండె కొట్టుకోవడం మొదలయ్యేది ఫలదీకరణ తర్వాత 22వ రోజు ప్రాంతంలో, అదీ ఇంకా గదులు ఏర్పడని సన్నటి గొట్టంలా ఉన్నప్పుడే, అందుకే స్కాన్‌లో అది ఎక్కువగా ఆరు, ఏడు వారాల మధ్య దొరుకుతుంది. నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్లకి ఇంకాస్త ఆలస్యంగా దొరకొచ్చు.

డాక్టర్ చెప్పిన రోజున మళ్లీ స్కాన్ చేయించుకోండి. ఈలోపు రక్తం కనిపించినా, పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి వచ్చినా ఆగకుండా వెంటనే వెళ్లండి.