పన్ను ఒకచోట, నొప్పి ఇంకోచోట

బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) విద్యార్థులు, హౌస్ సర్జన్లు పంపిన చెవి-ముక్కు-గొంతు సందేహాలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: పై దవడ మొదటి మోలార్ (నమిలే పెద్ద పన్ను) తీశాక పేషెంట్ నీళ్లు పుక్కిలిస్తే ముక్కులోంచి కారాయి. ముక్కు మూసి గట్టిగా ఊదించి చూడమని సీనియర్ అన్నారు. అలా చేయొచ్చా? ఆ తర్వాత ఏం చేయాలి?
— మూడో ఏడాది విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఊదించకండి. నీళ్లు ముక్కులోంచి వచ్చాయంటే నోటికీ మ్యాక్సిలరీ సైనస్‌కీ (చెంప ఎముకలోని గాలి గది) దారి పడినట్టే, ఇంకో పరీక్షతో పనిలేదు. ఉత్త అనుమానం ఉన్నప్పుడు కూడా గట్టిగా ఊదిస్తే ముప్పే. ఎముక పోయినా చిరగకుండా నిలిచిన సైనస్ పొర ఆ ఒత్తిడికి చిరుగుతుంది. పైగా గాలి రాలేదని దారి లేదనుకోవడానికీ వీల్లేదు, వాచిన పొరో, పాలిప్ అనే మెత్తటి కండో లోపల అడ్డుపడి ఉండొచ్చు. ప్రోబ్ పెట్టి కెలకడం, సిరంజితో సెలైన్ కొట్టడం అసలే వద్దు. మంచి లైటు వేసి చూడండి. సాకెట్‌లో, అంటే పన్ను ఊడిన గుంటలో, రక్తం బుడగలు కడుతుందా? సక్షన్ చప్పుడు బోలుగా మారిందా? తీసిన పంటి వేళ్ల మధ్య పల్చటి ఎముక ముక్క అంటుకొచ్చిందా? వీటిలో ఒక్కటి కనిపించినా దారి పడిందనే అనుకుని నడుచుకోండి.

ఇక రంధ్రం కొలతను బట్టి పని. 2 మి.మీ. లోపు ఉంటే రక్తం గడ్డకట్టి అదే పూడుతుంది, గడ్డ కదలకుండా కాపాడితే చాలు. 2 నుంచి 6 మి.మీ. ఉంటే సాకెట్ మూతి దగ్గర జెలటిన్ స్పాంజి ఉంచి, పైన ఎనిమిది అంకె ఆకారంలో కుట్టు వేయాలి. స్పాంజిని సైనస్‌లోకి తోయకూడదు. 7 మి.మీ., అంతకు మించితే ఫ్లాప్, అంటే పక్కనుంచి లేపి రంధ్రాన్ని కప్పే కండ రేకు, తప్పదు. సాధారణంగా బుగ్గవైపు నుంచి లేపుతారు: రెండు పక్కలా నిలువు కోతలు, ఫ్లాప్ లోపలి పెరియాస్టియంకు (ఎముకను కప్పే పొర) అడ్డంగా ఒక గాటు. ఆ గాటు పెట్టకపోతే ఫ్లాప్ సాగదు, లాగి కుడితే మూడో రోజుకే విడిపోతుంది. ఫ్లాప్ అంచు గట్టి ఎముక మీద ఆనాలి, రంధ్రం మీద వేలాడకూడదు. దీని లోపమల్లా బుగ్గ లోపలి గాడి లోతు తగ్గి, తర్వాత కట్టుడు పళ్లు నిలవడం కష్టమవడం. అందుకే పెద్ద రంధ్రాలకు బుగ్గ కొవ్వునో, అంగిలి నుంచి తిప్పిన ఫ్లాప్‌నో వాడతారు. ఆ పని మీది కాదు, ఓరల్ సర్జన్‌ది. కుట్లు 10 నుంచి 14 రోజులు ఉంచాలి.

24 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో మూస్తే చక్కగా అతుక్కుంటుంది. వారాలు గడిస్తే దారి చుట్టూ చర్మంలాంటి పొర కట్టి ఫిస్ట్యులా అవుతుంది, సైనస్‌లో చీము చేరుతుంది. చీము ఉండగా ఎంత బాగా కుట్టినా విప్పుకుంటుంది. ముందు సైనస్ కడిగి మానిపించాలి, ఆ తర్వాతే మూత.

మందులు మామూలుగా అమాక్సిసిలిన్ 500 మి.గ్రా., క్లావులానిక్ ఆమ్లం 125 మి.గ్రా. కలిసిన మాత్ర రోజుకు మూడుసార్లు, 5 నుంచి 7 రోజులు. పెన్సిలిన్ పడని వాళ్లకు ఇది ఇవ్వకూడదు. దీంతోపాటు జైలోమెటజోలిన్ ముక్కు చుక్కలు, 5 రోజులు మించకుండా. అంతకు మించితే చుక్కలే ముక్కును మళ్లీ మూసేస్తాయి. రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, స్ట్రా, బీడీ, సిగరెట్ బంద్. నాదస్వరం, శంఖం ఊదేవాళ్లనూ, పొద్దున్నే కపాలభాతి చేసేవాళ్లనూ విడిగా అడిగి ఆపించండి. ఈ మాట ఎవరూ చెప్పరు, కుట్లు ఊడేది అక్కడే.

పంటి వేరు సైనస్‌లోకి జారితే అక్కడితో ఆగండి. సాకెట్‌ను పెద్దది చేస్తూ వెతికితే చిన్న రంధ్రం పెద్దదవడమే మిగులుతుంది. ఎక్స్‌రే తీసి, పేషెంట్‌కు ఉన్నదున్నట్టు చెప్పి ఓరల్ సర్జన్ దగ్గరికి పంపండి. సైనస్‌ను కెనైన్ ఫోసా (పై కోరపంటి వేరు పక్కనున్న ఎముక పల్లం) మీదుగా తెరిచే పద్ధతి కాల్డ్‌వెల్ 1893లో, లూక్ 1897లో విడివిడిగా చెప్పినది. ఇప్పుడు జారిన వేరును చాలాచోట్ల ఎండోస్కోప్‌తోనే తీస్తున్నారు. అసలు ముందే జాగ్రత్తపడాల్సింది పెద్దవయసులో ఒంటరిగా మిగిలిన పై మోలార్ దగ్గర. పక్క పళ్లు పోయినచోట సైనస్ కిందికి దిగుతుంది. అలాంటి పంటిని వేళ్లు విడదీసి ఒక్కొక్కటిగా తీయండి, ఎలివేటర్‌తో (పంటిని కదిలించే పనిముట్టు) పైకి తోయకండి.

ప్రశ్న: ఎడమవైపు పై పళ్లన్నీ లాగుతున్నాయని వచ్చి రూట్ కెనాల్ చేయమంటున్నారు. సైనసో, పన్నో ఎలా తేల్చాలి?
— హౌస్ సర్జన్, వరంగల్

జవాబు: ఒక పన్ను వేలు పెట్టి చూపిస్తే పన్ను, అరచేయి పెట్టి చూపిస్తే సైనస్ అనుకుని మొదలుపెట్టండి. సైనస్ నొప్పిలో ప్రీమోలార్లూ (మోలార్ల ముందుండే చిన్న పళ్లు) మోలార్లూ వరసగా తడితే నొప్పంటాయి, చల్లటిది తగిలిస్తే మాత్రం మామూలుగానే స్పందిస్తాయి. ముందుకు వంగినా, మెట్లు దబదబా దిగినా నొప్పి పెరుగుతుంది, నాలుగు రోజుల ముందు జలుబు ఉంటుంది. అలాంటప్పుడు ఏ పంటికీ డ్రిల్ తాకించొద్దు.

తిరగేసిన కేసు ఇంకా ఎక్కువ తప్పిపోతుంది. ఒకే ముక్కు రంధ్రం నుంచి చీము, దుర్వాసన పేషెంట్‌కే తెలియడం, యాంటిబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గి మళ్లీ రావడం. ఇది పంటి వేరు కొన నుంచి సైనస్‌కు ఎక్కిన ఇన్‌ఫెక్షన్. పంటి నొప్పి బొత్తిగా లేకపోవచ్చు, ఎందుకంటే పల్ప్ (పంటి లోపల నరం ఉండే మెత్తటి భాగం) ఎప్పుడో చచ్చిపోయింది. ఓపీజీలో (దవడలన్నీ కనిపించే ఎక్స్‌రే) నీడలు ఒకదానిమీద ఒకటి పడి వేరు కొన కనబడదు, సీబీసీటీ (దవడల 3డీ స్కాన్) అడగండి. పంటికి చికిత్స చేయకుండా సైనస్ ఒక్కటీ కడిగితే నెలకు మళ్లీ వస్తుంది.

ఒక్క హెచ్చరిక. మధుమేహం ఉన్నవాళ్లకో, స్టెరాయిడ్లు వాడినవాళ్లకో పై పళ్లు ఉన్నట్టుండి కదులుతుంటే, చిగుళ్లలో అక్కడక్కడా చీము పొక్కులు, చెంప తిమ్మిరి, అంగిలి మీద నల్లటి మచ్చ కనిపిస్తే అది బ్లాక్ ఫంగస్ కావచ్చు. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది ఈ జబ్బుతోనే. పళ్లు పీకి వారం తర్వాత రమ్మనకండి. ఆ రోజే ఈఎన్‌టీకి పంపండి.

ప్రశ్న: చెవి పోటుకు ఈఎన్‌టీకి వెళ్తే చెవి శుభ్రంగా ఉందని మా దగ్గరికి పంపారు. ఎక్కడ వెతకాలి?
— నాలుగో ఏడాది విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: చెవికి ట్రైజెమినల్, ఫేషియల్, గ్లాసోఫారింజియల్, వేగస్ నరాల కొమ్మలూ, మెడలోంచి సీ2, సీ3 వెన్ను నరాల కొమ్మలూ వస్తాయి. వీటి దారిలో ఎక్కడ తేడా వచ్చినా చెవి పోటే. మీ వంతు వరస ఇది: కింది మోలార్లు, జ్ఞానదంతం తట్టి చూడండి. దవడ కీలు మీద వేళ్లు పెట్టి నోరు తెరిపించి మూయించండి, మాసెటర్ (చెంపలోని నమిలే) కండరం నొక్కండి. దొరకకపోతే అక్కడ ఆగిపోవడమే అసలు ప్రమాదం. గుట్కా, జర్దా, చుట్ట అలవాటున్న మనిషికి మూడు వారాలు దాటిన ఒకవైపు చెవి పోటు ఉంటే టాన్సిల్, నాలుక మొదలు, గొంతు అడుగు చూడాల్సిందే. నాలుక మొదలు కంటికి కనబడదు, గ్లోవ్ వేసుకుని వేలితో తడమాలి, గట్టిగా తగిలితే అనుమానించాలి. మెడలో గడ్డలు కూడా చూడండి. శ్రీకాకుళం వైపు అడ్డపొగ, అంటే నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు ఉన్న ఆడవాళ్లకు కట్టుడు పళ్లు తీయించి అంగిలి చూడటం మరిచిపోవద్దు.

ప్రశ్న: జ్ఞానదంతం నొప్పి, నోరు తెరుచుకోవడం లేదు, జ్వరం. పెరికోరోనైటిస్ (జ్ఞానదంతం చుట్టూ చిగురు వాపు) అని రాసేయొచ్చా?
— హౌస్ సర్జన్, నెల్లూరు

జవాబు: కొండనాలుక చూడకుండా రాయకండి. అది మధ్యలో ఉండి, పంటి మీది చిగురు వాచి, నొక్కితే చీము వస్తే మీరన్నదే. కొండనాలుక పక్కకు తోసుకుపోయి, ఒకవైపు మెత్తటి అంగిలి ఉబ్బి, మాట ముద్దముద్దగా వస్తుంటే అది టాన్సిల్ పక్కన చేరిన చీము, క్విన్సీ. దవడను మూసే మీడియల్ టెరిగాయిడ్ కండరం పక్కనే ఉండటంవల్ల అదీ నోరు కట్టేస్తుంది. పంటికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన రెండు మూడు రోజులకు, జ్వరం లేకుండా నోరు బిగిస్తే మాత్రం సూది ఆ కండరంలో దిగి ఉంటుంది. వేడి కాపడం, నోరు తెరిచే వ్యాయామం చాలు.

ప్రశ్న: గడ్డం కింద వాపు గట్టిగా ఉంది, చీము పట్టలేదు. యాంటిబయాటిక్ ఇచ్చి పండేదాకా ఆగొచ్చా?
— మూడో ఏడాది విద్యార్థి, కర్నూలు

జవాబు: ఒకవైపు చిన్న వాపైతే ఒక మాట. రెండువైపులా చెక్కలా గట్టిపడి, నాలుక పైకి లేచి, ఉమ్మి మింగలేక కారుస్తుంటే అది లుడ్విగ్స్ ఆంజైనా. 1836లో లుడ్విగ్ వర్ణించిన ఈ జబ్బు పండదు, చీముకోసం ఆగితే ఊపిరి ఆగుతుంది. కింది రెండో, మూడో మోలార్ల వేళ్లు మైలోహాయిడ్ గీత (కింది దవడ లోపలివైపు ఎముక గీత) కిందికి ఉంటాయి కనుక ఇన్‌ఫెక్షన్ నేరుగా సబ్‌మాండిబ్యులర్ (దవడ కింది) గదిలోకి దిగి అక్కణ్నుంచి అటూ ఇటూ పాకుతుంది. డెంటల్ కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే ఉంచండి. మత్తు, నిద్ర మందులు వద్దు. ఆక్సిజన్ పెట్టి 108కి ఫోన్ చేయండి, ట్రాకియాస్టమీ (గొంతుకు రంధ్రం చేసి ఊపిరి దారి తెరవడం) చేయగల ఆసుపత్రికే పంపండి. ఆక్సీమీటర్‌లో 98 చూపిస్తోందని నిదానించకండి, గాలి దారి మూసుకునేదాకా అంకె బాగానే ఉంటుంది.

ప్రశ్న: కుర్చీలో ఉండగా పేషెంట్ ముక్కులోంచి రక్తం కారితే?
— రెండో ఏడాది విద్యార్థిని, ఖమ్మం

జవాబు: తల వెనక్కి వాల్చకండి. రక్తం గొంతులోకి దిగి వాంతవుతుంది. కుర్చీ నిటారుగా చేసి ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగం, ఎముక కాదు, రెండు వేళ్లతో 10 నిమిషాలు నొక్కిపట్టండి. మధ్యలో వదిలి చూడొద్దు. ఈలోగా బీపీ చూసి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారా అడగండి. రెండోసారి 10 నిమిషాలు నొక్కినా ఆగకపోయినా, గొంతు వెనక కారుతూనే ఉన్నా, ఈఎన్‌టీకి పంపాలి.