ముందు తూము చూడు చిట్టీ

చిట్టీ,

గుమ్మటాలున్న ఆ పాత లైబ్రరీ పైకప్పు పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున వాకింగ్‌లో కనపడ్డ వాళ్లందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ ఏడేళ్లప్పుడు హైదరాబాద్‌లో నయాపూల్ వంతెన మీద నిలబెట్టి హైకోర్టు గుమ్మటాలు చూపిస్తే, "వానొస్తే ఆ నీళ్లన్నీ ఎటు పోతాయి మామయ్యా?" అన్నావు. 1920లో తెరిచిన కట్టడం అది. దాని గురించి అంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇంజినీరూ అడగలేదు.

పరంజా గట్టిగా కట్టించు, కొలతలు నువ్వే తియ్యి, వానలకు ముందే ముగించు. ఇవి నీకు తెలిసినవే.

నా తప్పు ఒకటుంది, విను. ముప్పై ఏళ్ల కిందట ఇలాంటిదే ఒక ఆఫీసు. మద్రాసు టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద ఐమూలగా నిలబెట్టి పేర్చిన ఇటుకలు, పైన సున్నంలో కలిపి కొట్టిన ఇటుక ముక్కలు. కప్పు కారుతోందన్నారు. ఎక్కడ కారుతోందో చూడకుండా రెండంగుళాల సిమెంటు పరిపించాను. చదరపు మీటరుకు దాదాపు 100 కిలోల బరువు, పాత దూలాల నెత్తిన. కారడం ఆగింది. నాకు శాలువా కూడా కప్పారు.

తర్వాత ఎండలకు సిమెంటు పిట్టగోడ దగ్గర వెంట్రుకంత విచ్చుకుంది. అందులోంచి దిగిన తడికి పైకి ఆరే దారి లేదు. సున్నం ఊపిరి నేనే మూసేశాను కదా! ఆ తడి మెల్లగా గోడలో దూరి ఉన్న దూలం కొసలకు చేరింది. కిందినుంచి చూస్తే దూలం నిగనిగలాడుతూనే ఉంది. అనుమానమొచ్చి గోడ పక్కన స్క్రూడ్రైవర్ గుచ్చితే, టీలో నానిన రస్కులోకి దిగినట్టు పిడిదాకా దిగింది. సరిగ్గా దాని కింద ఓ గుమాస్తా టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. ఆ డబ్బా నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

అసలు జబ్బు ఎక్కడో తెలుసా? రెండు గుమ్మటాల మధ్య పల్లంలో, పావురాల గూళ్లతో పూడుకుపోయిన తూము. ఒక పూట పని. అక్కడ అడుగు లోతు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 300 కిలోలు, లెక్క నువ్వే వేసుకో.

అందుకే ముందు తూములు చూడు. ప్రతి దూలం కొసా గుచ్చి చూడు, ఒక్కటి కూడా వదలొద్దు. బిందెడు నీళ్లు పోసి వాటం ఎటుందో నీ కళ్లతో చూడు. గుమ్మటం కప్పును కలిసే మూల గుండ్రంగా తిప్పించు. సున్నం మీద కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ, కొట్టే చెక్క ఎగిరి వెనక్కి వచ్చేదాకా కొట్టించు. "సిమెంటేస్తే రెండ్రోజుల్లో అయిపోద్ది మేడం" అని కాంట్రాక్టర్ అంటాడు. అననీ.

ఇంకోటి. గుమ్మటం అంచున బెల్టు లేకుండా నిలబడి ఫోటో దిగి స్టేటస్ పెట్టావు. అదేం వెధవ ధైర్యం! మీ అమ్మ చూడకముందే తీసెయ్యి. ఫోటోలో బాగున్నావులే, అచ్చం మీ అమ్మమ్మలా.

మోకాళ్ల వల్ల నేను పైకి ఎక్కలేను. సున్నం కొట్టే రోజు ఎదురుగా చెట్టు కింద నాకో కుర్చీ వేయించు. చప్పుడు వింటే ఎక్కడ ఇంకా గుల్లగా ఉందో చెప్తాను.

మీ మామయ్య