నూడుల్స్ తినడానికి వెళ్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు క్యాంపస్ పక్కన ప్యాడ్ థాయ్ అనే థాయ్ వేపుడు నూడుల్స్ తిన్నాననీ, కెచప్ కలిపిన తియ్యటి సేమ్యాలా ఉందనీ, ఇంక థాయ్ తిండి జోలికి పోననీ అన్నావు. అప్పట్నుంచీ నాకు మనసొప్పడం లేదు. నువ్విప్పుడున్న లాస్ ఏంజెలెస్‌లోనే పదహారేళ్ళు ఉండి వచ్చినదాన్ని. చదువు గురించీ ఉద్యోగం గురించీ సలహాలివ్వడానికి మనింట్లో మగవాళ్ళు క్యూ కడతారు, నూడుల్స్ సంగతి మాత్రం నేనే చెప్పాలి.

నువ్వు తిన్నది కెచప్పే అయ్యుండొచ్చు. ప్యాడ్ థాయ్‌కి పులుపు చింతపండుది. పులిహోర తిని పెరిగిన నాలుకకి ఆ తేడా చెప్పక్కర్లేదు. ప్లేటు ఎర్రగా మెరుస్తూ వస్తే అనుమానించు, గోధుమరంగులో ఉంటే ఆశపడు. పక్కన పచ్చి మొలకలు, నిమ్మచెక్క పెడతారు. థాయ్‌లాండ్‌లో అయితే పచ్చి అరటిపువ్వు కూడా. మనం గంటసేపు కూర్చుని దొంగలు, అదే లోపలి గట్టి కాడలు, తీసి కూర వండుకునేదాన్ని వాళ్ళు అలాగే కొరుక్కు తింటారు.

ఈ ఆదివారం మెట్రో ఎక్కి హాలీవుడ్ వెస్టర్న్ స్టేషన్‌లో దిగు. అక్కడ హాలీవుడ్ బూలవార్డ్ మీద వెస్టర్న్ నుంచి నార్మండీ దాకా ఉన్న ముక్కని థాయ్ టౌన్ అంటారు, 1999లో సిటీవాళ్ళే ఆ పేరు పెట్టారు. హోటళ్ళు పైకి ఏమీ ఆనవు. సాప్ కాఫీ షాప్ అని ఒకటుండేది, మేమున్నప్పుడు జనం అక్కడికి వెళ్ళింది కాఫీకి కాదు, బోట్ నూడుల్స్‌కి.

మెనూ చూసి కంగారుపడకు. నూడుల్స్ ఏ రకమో ముందు నువ్వే తేల్చుకోవాలి. సెన్ లెక్ అంటే సన్నపాటి బియ్యం నూడుల్స్, సెన్ యై అంటే వేలెడు వెడల్పువి, బా మీ అంటే గుడ్డు కలిపిన గోధుమవి. వున్ సెన్ అని అద్దంలా కనబడేవి పెసర పిండివి. అది చెప్పాక నామ్ అంటే చారుతో, హేంగ్ అంటే చారు లేకుండా. వడ్డించే ఆవిడ నీకంటే పెద్దదైతే 'పీ' అని పిలువు, మనం అక్కా అన్నట్టు. మాట చివర 'ఖా' చేర్చు, అది మన 'అండీ' లాంటిది. ఆ రెండు ముక్కలకే ఆవిడ మొహం వికసిస్తుంది.

బోట్ నూడుల్స్ సంగతి తెలిశాకే అడుగు. ఒకప్పుడు బ్యాంకాక్ చుట్టుపక్కల కాలవల్లో పడవల మీద అమ్మేవాళ్ళు కాబట్టి ఆ పేరు. చారు నల్లగా చిక్కగా ఉండడానికి అందులో రక్తం కలుపుతారు. వద్దనుకుంటే 'మై సై లువత్' అను, రక్తం వెయ్యొద్దని. 'నువా' అంటే గొడ్డు మాంసం, మూ అంటే పంది, కై అంటే కోడి. ఈ మూడు మాటలూ బట్టీ పట్టేసుకో.

గిన్నె వచ్చాక బల్ల మీద నాలుగు చిన్న గిన్నెల స్టాండు కనిపిస్తుంది. ఒకదాంట్లో వేయించిన ఎండుమిరప పొడి, ఒకదాంట్లో మిరపముక్కలు నానేసిన వెనిగర్, ఇంకోదాంట్లో చేపల సాసు, నాలుగోదాంట్లో చక్కెర. చక్కెర చూసి మొదటిసారి నేనూ నవ్వాను. మా ఆఫీసులో ఉండే థాయ్ ఆవిడ నవ్వలేదు. ముందు ఒక చెంచా చారు తాగింది, కాసేపు ఆలోచించింది. అర చెంచా చక్కెర, రెండు చెంచాల వెనిగర్, చిటికెడు కారం వేసి, నూడుల్స్‌ని అడుగునుంచి పైకి తిరగేసి మళ్ళీ రుచి చూసింది. అప్పుడు నాలుగు చుక్కల చేపల సాసు. పులుసులో బెల్లంముక్క వేసే గోదావరి ఆడదాన్ని, నాకు వెంటనే అర్థమైంది. వంటవాడు గిన్నెని కావాలనే కాస్త చప్పగా పంపుతాడు, మిగతా వంట నీ బల్ల మీదే అవ్వాలి. రుచి చూడకుండా కారం గుమ్మరించావంటే సగం వంట చెడగొట్టినట్టే.

కారమంటే గుర్తొచ్చింది. ఎంత కారం కావాలని అడిగితే 'మేం ఆంధ్రావాళ్ళం' అని గొప్పలకు పోకు. నేను పోయాను. వాళ్ళ చిట్టి మిరపకాయని ఫ్రిక్ ఖీ నూ అంటారు, అంటే ఎలుక పెంటిక. మన కారం అన్నంలో, నూనెలో, నెయ్యిలో సర్దుకుంటుంది, చివర్న పెరుగు ఉండనే ఉంది. పుల్లటి వేడి చారులో కారం నేరుగా గొంతు పట్టుకుంటుంది. ఆ రోజు మీ పెదనాన్న మంచినీళ్ళు అందిస్తూ ఒక్క మాట కూడా అనలేదు, దానికే ఎక్కువ సిగ్గేసింది.

నీ రూమ్మేట్ శాకాహారి అన్నావు కదా, ఆ అమ్మాయి విషయంలో జాగ్రత్త. ఒక హోటల్లో మా అత్తగారికి వెజిటేరియన్ అని చెప్పి టోఫు ప్యాడ్ థాయ్ తెప్పించాను. ఆవిడ వాసన చూసి 'ఇదేంటే, రొయ్యపొట్టు!' అన్నారు. మాంసం తీసేశారు తప్ప ఎండు రొయ్యలూ చేపల సాసూ అలాగే ఉన్నాయి. వాళ్ళ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, చేపల సాసు వాళ్ళకి ఉప్పు కింద లెక్క. వెజిటేరియన్ అనే బదులు 'జే' అని చెప్పమను. అందులో మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఏటా తొమ్మిది రోజులు చాలామంది అలా తింటారు, చాలా ఏళ్ళు అవి మన దసరా రోజుల్లోనే పడతాయి. 'జే' చెయ్యలేమంటే అక్కడ తినకుండా లేచి రావడమే మేలు.

నీకు మొదటిసారికి ఖావ్ సోయ్ మంచిది. ఉత్తరాన చియాంగ్ మై వైపు వంటకం. కొబ్బరిపాల కూరలో గుడ్డు నూడుల్స్, పైన కరకరలాడేలా వేయించినవి గుప్పెడు, పక్కన పచ్చి చిన్నుల్లిపాయలు, ఊరేసిన ఆవాకు. ఆ పసుపూ ధనియాల వాసనకి ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

చారు నూడుల్స్‌కి కుడిచేతిలో చాప్‌స్టిక్ పుల్లలు, ఎడమచేతిలో చెంచా. ప్యాడ్ థాయ్ ఫోర్కుతో తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. నూడుల్స్ ఎవరి గిన్నె వాళ్ళదే, మనలా నలుగురూ ఒకే ప్లేట్లో చెయ్యి పెట్టకండి. నగదు కొంత దగ్గరుంచుకో, టిప్పు మర్చిపోకు.

నార్త్ హాలీవుడ్ వైపు వాట్ థాయ్ అనే బౌద్ధ గుడి ఉంది. శని, ఆదివారాల్లో ఆవరణలో తిండి దుకాణాలు పెట్టేవారు, డబ్బులిచ్చి టోకెన్లు కొనుక్కోవాలి. ఇప్పుడెలా ఉందో కనుక్కుని వెళ్ళు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు థాయ్ టౌన్ కొట్లలో ఎండు సెన్ లెక్ రెండు ప్యాకెట్లు కొని తీసుకురా. మీ పెదనాన్న ఇక్కడ సేమ్యాతో ప్యాడ్ థాయ్ చెయ్యమని ప్రాణం తీస్తున్నారు, నావల్ల కాదు.

మీ పెద్దమ్మ
రాజమండ్రి