కళ్లగంతలు కట్టాక ఏం జరుగుతుంది? మిశ్రమ మేసన్ లాడ్జిలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఫ్రీమేసన్లు, అంటే దీక్షలిచ్చి సభ్యులను చేర్చుకునే ఆ సోదర సంఘం వాళ్లు, ఆడవాళ్లను చేర్చుకోరని ఇన్నాళ్లూ విన్నాను. ఆడా మగా కలిసి కూర్చునే లాడ్జిలూ (వాళ్ల స్థానిక శాఖలు) ఉన్నాయని, అక్కడ దీక్షను నాటకంలా రక్తి కట్టిస్తారని ఈమధ్య తెలిసింది. అవి అసలైనవేనా? మావారు ఇప్పటికే మామూలు లాడ్జిలో సభ్యులు. ఇద్దరం కలిసి ఇందులో చేరవచ్చా?

జవాబు: మీకు అడ్డేమీ లేదు, చిక్కంతా మీవారికే. 1882లో ఫ్రాన్స్‌లో ఒక లాడ్జి మరియా దరేమ్ అనే రచయిత్రికి దీక్ష ఇచ్చి పెద్ద దుమారం రేపింది. ఆవిడ, జార్జ్ మార్టిన్ అనే వైద్యుడు కలిసి 1893 ఏప్రిల్ 4న పారిస్‌లో మిశ్రమ లాడ్జి పెట్టారు. 'ల ద్రువా యుమెన్' అనే సంస్థ పుట్టింది అక్కడే. 1902లో దాన్ని లండన్‌కు తెచ్చింది మనకు బాగా తెలిసిన అనీ బిసెంట్. లండన్‌లోని యునైటెడ్ గ్రాండ్ లాడ్జి (ఇంగ్లండ్ మగవాళ్ల లాడ్జిలకు పైసంస్థ) మాత్రం 1929లో రాసుకున్న సూత్రాల ప్రకారం మగవాళ్లనే మేసన్లుగా లెక్కిస్తుంది, స్త్రీలను చేర్చుకునే లాడ్జిలతో రాకపోకలు పెట్టుకోదు. 1999లో స్త్రీలకే పరిమితమైన రెండు ఇంగ్లిష్ సంస్థల గురించి కాస్త మెత్తబడి, స్త్రీలను చేర్చుకోవడం ఒక్కటి తప్పిస్తే వాటి పద్ధతి సక్రమమేనంది. మిశ్రమ లాడ్జిలకు ఆ వెసులుబాటు దక్కలేదు. కాబట్టి మీవారు అక్కడ రాజీనామా చేసి రావాలి, లేదా మీరొక్కరే చేరాలి. చెప్పకుండా రెండుచోట్లా కూర్చుంటే, బయటపడ్డ రోజున మొదటి లాడ్జి నుంచి తీసేస్తారు.

దైవభక్తి సంగతి కూడా ముందే అడగండి. ఫ్రెంచి ఒరవడిలో నడిచే లాడ్జిలు చాలావరకు దేవుణ్ణి నమ్మాలని పట్టుబట్టవు. ఇంగ్లిష్ ఒరవడివి పట్టుబడతాయి.

ప్రశ్న: దరఖాస్తు పెట్టాక దీక్ష దాకా ఎన్ని మెట్లు?

జవాబు: ఇంగ్లిష్ పద్ధతిలో ఇద్దరు సభ్యులు మీ పేరు ప్రతిపాదిస్తారు, ఒక కమిటీ మాట్లాడుతుంది, లాడ్జి ఓటు వేస్తుంది. ఫ్రెంచి పద్ధతి ఇంతకంటే గట్టిది. ముగ్గురు సభ్యులు విడివిడిగా మిమ్మల్ని కలిసి ఎవరి నివేదిక వారు రాస్తారు. ఆ తర్వాత కళ్లకు గంతలు కట్టి లాడ్జి మధ్యలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. ఎవరు అడుగుతున్నారో కనిపించదు. ఇది దీక్ష కాదు, వట్టి ఇంటర్వ్యూ. తెలియక చాలామంది ఇదే దీక్ష అనుకుని బిగుసుకుపోతారు. పుస్తకాల్లో చదివిన మాటలు అప్పజెప్పకుండా, అడిగినదానికి రెండు మూడు వాక్యాల్లో సూటిగా చెబితే చాలు. ఆపైన తెల్లగోళీలు, నల్లగోళీలతో రహస్య ఓటు. ఎన్ని నల్లగోళీలు పడితే తోసిపుచ్చాలన్నది ఆ లాడ్జి నిబంధనల్లో ఉంటుంది.

మొత్తానికి నెలలు పడుతుంది. వారంలో దీక్ష ఇచ్చేస్తామంటే అనుమానించండి.

ప్రశ్న: దీక్ష రోజున చీకటిగదిలో పెడతారని, కత్తులు చూపిస్తారని విన్నాను. ఇరుకు గదుల్లో నాకు గుండెదడ వస్తుంది. తట్టుకోగలనా?

జవాబు: ముందే చెబితే తట్టుకోగలరు. దాచుకుని వెళ్తేనే ఇబ్బంది. ఫ్రాన్స్‌లో వాడుకలో ఉన్న స్కాటిష్ రైట్ (మేసన్ల ఆచార పద్ధతుల్లో ఒకటి) క్రమం ఇది.

మొదట చింతన గది. నల్లరంగు వేసిన చిన్న గది, ఒక్క కొవ్వొత్తి. బల్లమీద పుర్రె, ఇసుక గడియారం, రొట్టెముక్క, నీళ్లు, రెండు చిన్న గిన్నెల్లో ఉప్పు, గంధకం. గోడమీద కోడిపుంజు బొమ్మ, 'విట్రియోల్' అన్న అక్షరాలు. భూగర్భంలోకి దిగి, సరిదిద్దుకుంటూ పోతే దాగిన రాయి దొరుకుతుందనే లాటిన్ వాక్యంలోని తొలి అక్షరాలవి. అక్కడ ఒంటరిగా కూర్చుని మీ వీలునామా రాయాలి: మీపట్ల, తోటివారిపట్ల, మానవజాతిపట్ల మీ బాధ్యతలేమిటన్న తీరు ప్రశ్నలు ఉంటాయి. అరపేజీ సరిపోతుంది. దాన్ని లోపల వేరొకరు అందరికీ చదివి వినిపిస్తారు కాబట్టి అక్షరాలు కుదురుగా రాయండి. చదువుకునే కళ్లజోడు మరిచిపోయి వచ్చి కొవ్వొత్తి వెలుగులో అవస్థపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గుండెదడ ఉన్నవారికి తలుపు ఓరగా తెరిచి బయట ఒక మనిషిని నిలబెట్టడం లాడ్జికి కష్టమేమీ కాదు.

తర్వాత గడియారం, ఉంగరం, నాణేల వంటి లోహాలన్నీ తీసేస్తారు. వినికిడి యంత్రం ఉంటే ఉంచుకుంటానని చెప్పండి. అది లేకపోతే ప్రమాణం మాటలు ఎలా వినబడతాయి? చొక్కా ఒక పక్క తెరిచి, ఒక మోకాలు కనిపించేలా బట్ట మడిచి, ఒక కాలికి చెప్పు మార్చి, మెడలో తాడు వేస్తారు. మిశ్రమ లాడ్జిలో స్త్రీలు ఏం వేసుకు రావాలో ముందురోజే అడిగి తెలుసుకోవాలి.

గంతలు కట్టాక మూడు ప్రయాణాలు. మొదటిదానిలో ఉరుముల్లాంటి చప్పుళ్లు, కాళ్లకు అడ్డంకులు. రెండోదానిలో కత్తుల గలగల. మూడోది నిశ్శబ్దం. గాలి, నీరు, నిప్పులతో శుద్ధి వీటికి ముడిపడి ఉంటుంది. భూమి పరీక్ష చింతన గదిలోనే అయిపోయింది. మీ చేయి పట్టుకుని నడిపించే మనిషిమీద భారం వేసి చిన్న అడుగులు వేయండి. ఏం రాబోతోందో ఊహించి ముందే పక్కకు తప్పుకోబోయేవారే తూలిపడతారు. నడుమ ఒక పాత్రలో తియ్యటి నీళ్లు, వెంటనే చేదు నీళ్లు తాగిస్తారు. మధుమేహం, అలర్జీలు ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

నిప్పుకు పాతకాలంలో లైకోపోడియం అనే మొక్క నుంచి వచ్చే సన్నటి పొడిని మంటమీదికి ఊదేవారు. కుప్పగా ఉంటే సరిగా అంటుకోని ఆ పొడి గాల్లో చెదిరితే భగ్గుమంటుంది. ముఖానికి వెచ్చగా తగిలి మాయమవుతుంది. పైకప్పు తక్కువగా ఉన్నా, గుడ్డ తెరలు దగ్గరున్నా ఇది చేయకూడని పని. కొవ్వొత్తి చాలు. కళ్లు మూసుకున్నవాడికి ఆ సెగే ఎక్కువ.

చివర ప్రమాణం. గొంతు కోస్తామన్న పాత శిక్షల మాటలను ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జే 1986లో ప్రమాణంలోంచి తీసేసింది. మిగతాచోట్ల ఉన్నా అది ప్రతీక మాత్రమే. గంతలు విప్పగానే చుట్టూ సభ్యుల కత్తులన్నీ మీవైపే చూస్తుంటాయి. ఈ ఒక్క క్షణం కోసమే ఇంత తతంగమూ. ఏ దశలోనైనా 'ఆపండి' అంటే ఆపాలి. ఆపని లాడ్జి మీకు పనికిరాదు.

ప్రశ్న: క్రమమంతా ఇంటర్నెట్లో ఉంది కదా, చదివేసి వెళ్తే తప్పా?

జవాబు: తప్పేం కాదు, నష్టం. మూడో డిగ్రీ (సభ్యులు ఒక్కో దీక్షతో ఎక్కే మెట్లలో మూడోది) కథ, అంటే హిరామ్ అనే శిల్పాచార్యుడి హత్య, 1730లోనే లండన్‌లో అచ్చయింది. రహస్యమంటూ ఏమీ మిగల్లేదు. కానీ ఆ డిగ్రీలో హిరామ్ పాత్ర అభ్యర్థిదే. ఆ రాత్రి ఎవరెక్కడ నిలబడతారో తెలిసినవాడికి అది రిహార్సల్‌లా ఉంటుంది. పైన చెప్పినంత మేరకు తెలిస్తే చాలు, మూడోది మాత్రం చదవకండి. నడుమునొప్పి ఉంటే మాత్రం ఆ రోజుకు ముందే డీకన్లకు (అభ్యర్థిని చేయి పట్టి నడిపించే పదవిలో ఉన్నవారికి) చెప్పండి, ఎందుకన్నది అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: కొంత డబ్బు కడితే నేరుగా 33వ డిగ్రీ (స్కాటిష్ రైట్‌లో అన్నిటికంటే పైమెట్టు) ఇస్తామని మెసేజ్ వచ్చింది.

జవాబు: మోసం. ముఖాముఖీ మాట్లాడకముందే డబ్బు అడిగేవాళ్లు, ధనయోగం కలుగుతుందనేవాళ్లు మేసన్లు కారు. నిజమైన చోట ప్రవేశ రుసుము, వార్షిక చందా, ఏప్రాన్, చేతి తొడుగుల ఖర్చు ఎంతో ముందే కాగితంమీద చూపిస్తారు. లాడ్జికి అధికారపత్రం ఎవరిచ్చారో, ఆ పైసంస్థ కింద ఇంకెన్ని లాడ్జిలున్నాయో అడగండి. మెంఫిస్-మిస్రాయిమ్ పేరు వినిపిస్తే మరింత గట్టిగా అడగాలి. 90కి పైగా డిగ్రీలున్న ఆ రైట్‌కు చీలికలు ఎక్కువ. ఒక చీలిక ఇచ్చిన పత్రాన్ని ఇంకొకటి ఖాతరు చేయదు.

ప్రశ్న: చేరి కొంతకాలమైంది, డీకన్ పదవి ఇచ్చారు. కొత్తవారిని నడిపిస్తూ మాటలు మరిచిపోతున్నాను.

జవాబు: కూర్చుని బట్టీ పట్టి ఉంటారు, అందుకే నిలబడితే రావడం లేదు. డీకన్ మాటలు అడుగులకు అతుక్కుని ఉంటాయి. ఇంట్లో కుర్చీలు వేసి వార్డెన్లు (లాడ్జి అధ్యక్షుడి తర్వాతి ఇద్దరు అధికారులు) కూర్చునే చోట్లు గుర్తుపెట్టుకుని, ఏ మూల తిరిగాక ఏ మాటో నడుస్తూ చెప్పండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఒకరి కళ్లకు గంతలు కట్టి నడిపించండి, వేగం ఎంత ఉండాలో మీకే తెలుస్తుంది. ముందు చివరి పేరా నేర్చుకుని వెనక్కి రండి. అలసట వచ్చే చోటికి చేరేసరికి బాగా వచ్చిన మాటలే మిగులుతాయి. లాడ్జిలో అందించేవాడు ఒక్కడే ఉండాలని పట్టుబట్టండి. నలుగురు నాలుగు వైపుల నుంచి గుసగుసగా అందిస్తే గంతలు కట్టుకున్న మనిషికి ఆ గుసగుసే వినబడుతుంది, కట్టిన రక్తి అంతా పోతుంది. మాట తట్టకపోతే వారి చేయి వదలకుండా ఆగండి. ఆ మౌనం కూడా క్రమంలో భాగమేననుకుంటారు.